మడతల దొరికిన చిలుక

నేను చిన్నగున్నప్పుడు, అంటే ఇంకా పలకా బలపం పట్టుకొని తిరిగే ఈడుల, మా అమ్మ జరమొచ్చి చనిపోయింది. మా బాపు పనికి పోతే నన్ను చూసేటోళ్లు లేరని అమ్మను కన్నోళ్లు నన్ను తమ ఊరికి తోల్కపోయిండ్రు. పోచంపల్లి దిక్కు ఊరు. ఇంట్ల సగం జాగా మగ్గానిదే, మిగిలిన సగంల మేము. పొద్దుగాల లేస్తే మగ్గం చప్పుడు, పండుకుంటే రంగు నూలు వాసన. అమ్మ పుట్టి పెరిగిన ఇల్లు గనుక అందరూ ఆమె సంగతులే చెప్పేటోళ్లు. కానీ వాళ్లు చెప్పే పిల్ల నాకు తెల్వని పిల్ల. నాకు తెలిసిన అమ్మ ఒక్క కథలనే మిగిలింది.

ఆ కథ ఒక చిలుకది. గాలిదుమారంల గుంపు నుంచి తప్పిపోయిన చిలుక, తనోళ్ల కోసం ఏడు గుట్టలు దాటి దేవులాడుకుంట పోతది. ఎవ్వరూ దొరకరు. ఆఖరికి ఒక తాటిచెట్టు మీద వాలి, 'ఒక్కదాన్నే అయితే ఏంది, ఉన్న గదా' అనుకుంటది. అంతే కథ. అమ్మ దినాం అదే చెప్పేది, నేను దినాం అదే వినేదాన్ని. ఆమె పోయినంక ఆ కథ నన్ను ఎంతగనం పట్టుకున్నదంటే, దాంట్ల ఒక్క మాట మారినా అమ్మ మళ్లొకసారి చచ్చిపోతదని నా భయం. ఈ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలే. ఎట్ల చెప్పాల్నో కూడా తెల్వదు.

పాపం మా అవ్వ, అంటే అమ్మను కన్న తల్లి, నన్ను నిద్రబుచ్చనీకి ఆ కథనే ఎత్తుకునేది. నేను కథ మీద ఈగను వాలనిస్తే గదా. ఏడు గుట్టల జాగల ఐదు అన్నదంటే దిగ్గున లేచి కూసునేదాన్ని. ఒకనాడు మతిమరుపుకు తాటిచెట్టును ఈతచెట్టు చేసింది. ఇగ చూస్కో, గోడ దిక్కు మొకం పెట్టి పండుకున్నదాన్ని తెల్లారి కూడా అన్నం ముట్టలే. "ఏ చెట్టయితే ఏందే పిల్లా, కూసునేది చిలుకనే గదా" అని అవ్వ తల పట్టుకున్నది. అవ్వకు అది ఉత్త చెట్టు. నాకు అది అమ్మ నోట్ల మాట.

మా తాత ఇదంతా మగ్గం కాడ కూసోని వినేటోడు. మాట తక్కువ మనిషి, నవ్వొచ్చినా మీసాల కిందనే నవ్వేటోడు. ఆ మర్నాడు నన్ను దగ్గరికి పిలిచి, నీ చిలుకను బట్ట మీదికెక్కిస్త, చూస్తవా అని అడిగిండు. నాకు ప్రాణం లేచొచ్చింది. బట్ట మీదికెక్కితే ఇగ దాన్ని ఎవ్వరూ మార్చలేరు. అవ్వ నోట్ల పడి చెట్లు మారుడు ఉండదు, గుట్టలు తగ్గుడు ఉండదు. అమ్మ చెప్పింది చెప్పినట్టే ఉండిపోతది. ఆ సంబురంల అవ్వ పెట్టిందంతా తిన్న, ఇంకింత పెట్టమన్న కూడా.

మా దిక్కు నేతల బట్ట అయినంక బొమ్మ వెయ్యరు. నేయకముందే, ఉత్త నూలు మీదనే బొమ్మ తయారైతది. పోగులను వరుసగ పరిచి, బొమ్మ గీసి, రంగు అంటొద్దన్న కాడల్లా దారం బిగ్గ చుట్టి రంగుల ముంచుతరు. చుట్టిన కాడ తెల్లగ ఉంటది, మిగిలిందంతా రంగెక్కుతది. దాన్నే చిటికి కట్టుడంటరు. తాత కడ్తుంటే నేను పక్కన్నే కూసోని కాపలా కాసిన. ముక్కు వంకరగ రావాలె, తోక పొడుగ్గ రావాలె, చిలుక ఒక్కతే ఉండాలె అని చెప్పిందే చెప్పి ఆయన పానం తిన్న. అన్నిటికీ ఊఁ అన్నడు. నూలును నడిమికి మడిచి పెట్టుకున్నడు గానీ, దాని అర్థం నాకేం తెలుసు.

మగ్గం మీద మొదలు తోక కనబడ్డది. దానికి జర ఎడంగ ఇంకో తోక కూడా కనబడ్డది. నాకు అప్పుడే అనుమానమొచ్చింది. నేస్తున్న కొద్దీ రెండు కడుపులు వచ్చినయ్, రెండు మెడలు వచ్చినయ్, ఆఖరికి ఎదురెదురుగ ముక్కులు పెట్టుకొని రెండు చిలుకలు తేలినయ్. తాత బట్ట కోసి నా చేతుల పెడితే దాన్ని వాకిట్లకు విసిరికొట్టిన. గిది మా అమ్మ చిలుక కాదు, అది ఒక్కతే ఉంటది అని గొంతు పోయేటట్టు ఏడ్చిన.

తాత కోపం చెయ్యలే. ఇన్ని పోగులు తీసి, నడిమికి మడిచి, ఒక కాడ దారం చుట్టమని నాకిచ్చిండు. ఎక్కిళ్లు పెట్టుకుంటనే చుట్టిన. దాన్ని రంగుల ముంచి, ఆరినంక దారం ఇప్పి, మడత సాపు చేసి చూపెట్టిండు. నేను కట్టింది ఒక్క కాడనే, తెల్లమచ్చలు రెండున్నయ్. మడిచి కడితే ఒక్కటి రెండైతది బిడ్డా అన్నడు. నేనేం తక్కువ తిన్ననా? అయితే మడవకుండ కట్టు అన్న.

తాత ఆ పోగులను చేతులకు తీసుకున్నడు. "కట్టొచ్చు. అట్ల కట్టాలనే కూసున్న. ఒక్కదాన్నే కట్టాలంటే నాకు చెయ్యి రాలే. నువ్వే కండ్లల్ల మెదిలినవ్" అన్నడు. బిడ్డను పోగొట్టుకున్న మనిషి అట్ల అన్నడని ఇప్పుడు తెలుస్తున్నది. అప్పుడు మాత్రం నా పట్టు నేను ఇడవలే. మా అమ్మ కథను మార్చనీకి నువ్వెవరు అని అడిగిన.

అప్పుడు చెప్పిండు తాత. ఆ కథ మొదలు మా అమ్మది కాదంట. తాతకు వాళ్ల అవ్వ చెప్పిందంట, తాత మా అమ్మకు చెప్పిండంట. వాళ్ల కథల చిలుక తాటిచెట్టు దాకా పోనే పోదు. దుమారంలనే రెక్కలిరిగి పడి చచ్చిపోతది. ఇల్లు ఇడిసి దూరం పోయే పిల్లలకు భయం పెట్టనీకి పెద్దలు అట్ల చెప్పేటోళ్లు. "మీ అమ్మ ఒప్పుకోలే. వద్దు నాయినా, సంపొద్దు అని నా ఒళ్లె పడి ఏడ్చింది. దాన్ని తాటిచెట్టు మీద కూసోబెట్టింది మీ అమ్మనే. ఆమె బతికించింది, నేను తోడిచ్చిన. తప్పనిపిస్తే చెప్పు, ఆ బట్ట మల్ల నీ కండ్లకు కనబడనియ్య."

నేను అన్నం మానేసి కాపాడిన కథ, అమ్మ మార్చిన కథనే. అమ్మ కూడా నా తీరుగనే మొండికేసి ఏడ్చిందని వింటే నాకు కడుపు నిండినట్టయింది. వాళ్లందరూ చెప్పే ఆ తెల్వని పిల్ల అప్పుడు జర తెలిసినట్టయింది. పోయి బట్టను తీసి దులిపిన.

దులిపిన గానీ నా ఫికర్ నాకున్నది. రెండో చిలుక ఎక్కడి నుంచి వచ్చినట్టు? అమ్మ చెప్పినప్పుడు లేకపాయె. అమ్మ మాట అబద్ధం కావద్దు, తాత చేసింది దండుగ కావద్దు. బట్టను ముంగట పరుచుకొని, రెండు ముక్కుల నడుమ జాగనే చూసుకుంట కూసున్న. చూస్తుంటే చూస్తుంటే తట్టింది. ఆ నడుమ ఉన్నదే తాటిచెట్టు. మన చిలుక ఈ దిక్కున వాలింది. ఇంకోటి అంతకు ముందుగాలనే ఆ దిక్కున వాలి ఉన్నది. నడుమ మట్టలు అడ్డం. అందుకనే ఇది 'ఒక్కదాన్నే' అనుకున్నది. అమ్మ చెప్పింది నిజమే, చిలుకనే అవతలి దిక్కు తొంగి చూడలే.

ఉరికిపోయి చెప్తే తాత మొదలు నవ్విండు, మీసాలు దాటి నవ్విండు. తర్వాత తువ్వాలతోని కండ్లు తుడుచుకున్నడు. గింత నాకు తట్టలే బిడ్డా అన్నడు. ఆనాటి నుంచి మా ఇంట్ల కథ చెప్పుడు నా వంతు, ఊ కొట్టుడు అవ్వ వంతు అయింది.

తెలంగాణ వచ్చిన ఏడు పుట్టిన నా మనవరాలు ఇప్పుడు చౌటుప్పల్ల బడికి పోతున్నది. ఫోన్ల బొమ్మలు గీసి కదిలిస్తది. మొన్న నా చిలుక కథను వీడియో చేసి తెచ్చింది. చూస్తే ఏడు గుట్టలు లేవు. నిమిషం వీడియోల ఏడు గుట్టలు పట్టయ్ అమ్మమ్మా అన్నది. తాటిచెట్టు జాగల సెల్ టవర్ నిలబడ్డది. దాని అవతల ఉన్నది చిలుక కూడా కాదు, పావురం. మా ఫ్లాట్ల దిక్కు అవే ఉంటయ్ గదా అన్నది. అబద్ధమెందుకు, నాకు లోపల చురుక్కుమన్నది. ముసలిదాన్నయినా ఆ మొండి పిల్ల నాల ఇంకా సావలేదు.

నా మొకం చూసి పిల్ల బెదిరింది. అసలుది ఎట్లుంటదో చెప్పు, అట్లనే చేస్త అన్నది. అసలుదంటే మా తాతకు వాళ్ల అవ్వ చెప్పిందే, దాంట్ల చిలుక దుమారంల పడి చచ్చిపోతది, అదే చేస్తవా అని అడిగిన. పిల్ల ఫోన్ను గుండెకు అదుముకున్నది.

"వద్దు అమ్మమ్మా, సంపొద్దు."

మా అమ్మ గొంతు నాకు యాదికి లేదు. ఎంత దేవులాడినా దొరకదు. తాత ఒళ్లె పడి ఆమె ఏడ్చిన సంగతి ఈ పిల్లకు నేనెన్నడూ చెప్పలే. అయినా ఆ మాట దాని నోట్ల నుంచి వచ్చింది. నేను దాన్ని దగ్గరికి తీసుకొని, టవర్ మంచిగనే ఉన్నదన్న, పావురం మెడకు జర రంగు పెట్టమన్న.

ఇప్పుడు ఎవరు ఏ కథ మార్చినా నేను చెట్టు పేరు అడగ. చిలుక బతికే ఉన్నదా అని అడుగుత. ఉన్నదంటే, మా అమ్మకేం కాలేదని నిమ్మళంగ కూసుంట.