పథ్యం మాన్పించిన సుగుణ సిస్టర్

బోధన్‌లో చెరుకు ఆడే రోజులు మొదలై, కిటికీలోంచి చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ వాసన వచ్చిందంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది. ఆ వాసన నిండిన ఒక పొద్దున మా ఇద్దరు పిల్లల్లో రెండేళ్ల చిన్నదానికి నీళ్లు పోస్తున్నాను. సబ్బు ఒంటితో అది నా చేతుల్లోంచి జారింది. పట్టుకోవాలని తెలుసు, వేళ్లు ముడుచుకోలేదు. దెబ్బ తగలలేదు గానీ, మూడు నెలల క్రితం జ్వరం తగ్గినా చికున్‌గున్యా నా వేళ్లనింకా వదల్లేదని అప్పుడే అర్థమైంది. ఆ రోజు నుంచి పిల్లను ఎత్తుకోవడం మానేశాను. అది చేతులు చాస్తే, గిన్నెలు సర్దుతున్నట్టు అటు తిరిగేదాన్ని.

మా వీధి చివర సుగుణ సిస్టర్ ఉండేది. నర్సుగా రిటైరైంది. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఇరుగుపొరుగు రోగాలు. నా సంగతి విని ఒకరోజు మా ఇంటికి వచ్చి గంటసేపు అడుగుతూనే కూర్చుంది. నిద్ర ఎట్లుంది, ఏ మాత్రలు, పొద్దున ఏం తిన్నావు.

"మిరియాల చారు, అన్నం."

"నిన్న?"

"గదే."

"మొన్న గూడ గదే అంటవా ఏంది! పప్పు, గుడ్డు, పెరుగు?"

"పథ్యం గదా సిస్టర్. నొప్పి పోయినంక విడుస్త."

"డిగ్రీ చదివినవ్ బిడ్డా! బలం లేకుంటె ఎట్ల కోలుకుంటవ్?"

మా అత్తమ్మ గుమ్మంలోంచి, "పప్పు వాతం సిస్టరమ్మా," అంది.

"అవ్వా, పథ్యమంటె నాలుగు దినాలు. మూడు నెలలు పెడితె నీకూ కాళ్లు లేవయ్."

నేను వేసుకుంటున్న, మందుల షాపులో కట్టిచ్చిన మాత్రలను సిస్టర్ తనంతట తాను ఆపమనలేదు. పొట్లంతో సహా నన్ను పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రక్తం తక్కువుందని ఆయన మాత్రలు మార్చాడు. ఇంటికొచ్చాక పప్పు, గుడ్డు, వేన్నీళ్లలో వేళ్లు ఆడించడం, మధ్యాహ్నం గంట పడక. ఎప్పుడు తగ్గుతుందని రోజూ సిస్టర్ ప్రాణం తీసేదాన్ని. "నాకు దేవుడు చెప్పలే," అనేది.

నెల తిరిగేసరికి పిడికిలి సగం ముడుచుకుంటోంది. ఒక సాయంత్రం చిన్నది నా కొంగు పట్టుకుంటే విడిపించుకున్నాను. సిస్టర్ చూసింది.

"దాన్నెందుకు దూరం పెడుతున్నవ్?"

"జారవిడుస్తనేమోనని."

"పిల్లలకు చెప్పినవా?"

"భయపడ్తరు."

"చెప్పకుంటెనే భయపడ్తరు. అమ్మకు నా మీద కోపమొచ్చిందనుకుంటది గది."



సిస్టర్ ఇప్పుడు లేదు. ముసురు పట్టిందంటే నా వేళ్లు బిగుసుకుంటాయి. భయం అంతకంటే ముందే వస్తుంది. ఇంట్లో ఎవరికి నలతగా ఉన్నా, మాత్ర వెతికే ముందు పక్కన కూర్చుని ఆమెలాగే అడుగుతాను. నా ఒంటి సంగతి ఎవరైనా అడిగితే దాచను. అలా దాచకుండా చెప్పడం, సిస్టర్ ఆ మాట అన్న మర్నాడు పొద్దున మొదలైంది. పిల్లలిద్దరినీ చాప మీద కూర్చోబెట్టి అన్నాను: "నాకు మీ మీద కోపం లేదు. జ్వరం పోతూ పోతూ నా చేతులల్ల బలం పట్టుకపోయింది. మెల్లగ వస్తున్నది, ఎప్పటికొస్తదో నాకూ తెల్వదు. గందాక నేను ఎత్తుకోను, కింద కూసుంట. మీరే ఎక్కి నా ఒళ్ల కూసోండ్రి."