పేగు తంతి

కరీమున్‌కి పగ పట్టడం తెలియదనుకునేదాన్ని. మా నరసరావుపేటలో దబ్బనంతో దూది పరుపులు కుట్టుకునే మనిషి, ఎవరొచ్చినా ముందు మంచినీళ్లిచ్చి తర్వాత మాట్లాడే మనిషి. ఎదురింట్లో టైలరింగ్ పెట్టుకుని అన్నేళ్లు చూశానే గాని, ఆమె కడుపులో ఏముందో నాకు తెలియలేదు.

వాళ్లు దూదేకులవాళ్లు. వాళ్ల నాయన భుజాన పెద్ద విల్లు వేసుకుని వీధి వీధీ తిరిగి దూదేకేవాడు. కేక వేసేవాడు కాదు. విల్లుకి మేక పేగుతో పేనిన నారి ఉండేది. దాన్ని మీటితే చాలు, ఆ మోతకే ఆడవాళ్లు పాత దిళ్లు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు. మిషన్లు వచ్చాక విల్లు గోడకెక్కింది, నాయన పక్షవాతంతో మంచమెక్కాడు.

అప్పుడే అన్న ఇమాం హుస్సేన్ అదే వీధిలో ఫోమ్ పరుపుల షోరూం పెట్టాడు. ప్రారంభానికి పెద్దమనుషులు వస్తున్నారని, దూదేకులోడి కొడుకని ఎవరూ అనకూడదని, ఆ విల్లుని ముక్కలు చేసి బిర్యానీ పొయ్యిలో పెట్టాడు. తండ్రి బతికుండగానే! "నా విల్లేదమ్మా" అని ముసలాయన మంచంలోంచి అడుగుతుంటే, అన్న షోరూంలో గోడకి తగిలించాడని కరీమున్ అబద్ధం చెప్పింది. ఆయన అడగడం మానకుండానే పోయాడు. కాల్చినందుకన్నా, తన చేత ఆ అబద్ధం ఆడించినందుకే ఆమెకు ఎక్కువ మంట.

"వాడికి ఆ మోత కావాలనిపించాలి. కావాలని నా గుమ్మంలోకి రావాలి. అప్పుడు లేదనాలి" అంది నాతో, దినాల వంట దగ్గర. విల్లే బూడిదయ్యాక మోత ఎక్కణ్ణుంచి తెస్తుందో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.

ఒక మధ్యాహ్నం కూతురు రిహానా ఫోనులో ఏవో వీడియోలు చూస్తుంటే, కరీమున్ కుడుతున్న పరుపు వదిలేసి లేచింది. ఎవరో తెల్లావిడ వయొలిన్ కన్నా చాలా పెద్ద వాయిద్యాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని తంతుల్ని వేళ్లతో మీటుతోంది, అచ్చం ఆ విల్లు మోతే. "నాయన" అంది కరీమున్. రిహానా వెతికి చెప్పింది, దాని పేరు వయోలా ద గాంబా అని, వందల ఏళ్ల కిందట యూరప్‌లో రాజుల కొలువుల్లో వాయించేవారని, ఆ కాలపు సంగీతాన్ని బరోక్ అంటారని, తంతులు గొర్రె పేగులతో చేస్తారని.

మొదట్లో మీటే చోట్లే వినేది, మిగతాది జరిపేసేది. కమానుతో వాయించేది ఆమెకి గొంతు పట్టినవాడి ఏడుపులా ఉండేది. రానురాను జరపడం మానేసింది. కింద నాలుగే స్వరాలు మళ్లీ మళ్లీ నడుస్తుంటాయట, పైన రాగం ప్రతిసారీ కొత్త దారి తొక్కుతుందట. ఇనుప తీగలా చెవిని కొయ్యదట, మనిషి ఊపిరి తీసుకుని మొదలెట్టినట్టు ఉంటుందట. నేనూ విన్నాను. నిజం చెప్పాలంటే మొదట నిద్రొచ్చింది. ఓ రోజు మాత్రం జాకెట్టు కత్తిరిస్తూ కత్తెర ఆపేశాను.

అంత మెత్తటి సంగీతం వింటే మనసూ మెత్తబడుతుందంటారు. వట్టిమాట. కరీమున్ ఒక స్పీకర్ తెచ్చి వీధి కిటికీలో పెట్టింది, సరిగ్గా అన్న షోరూం వైపు. మీటే భాగం వచ్చినప్పుడల్లా సౌండ్ పెంచేది. ఇమాం హుస్సేన్ మొదట షట్టర్ సగం దించాడు. తర్వాత అద్దాల తలుపు పెట్టించాడు. చివరికి ఓ రోజు, మేమిద్దరం చూస్తుండగానే, గిరాకీని వదిలేసి మెట్ల మీదకొచ్చి నిలబడ్డాడు, వెనకటికి దిళ్లు పట్టుకుని ఆడవాళ్లు నిలబడ్డట్టే. కరీమున్ నవ్వి, చెయ్యి చాపి ఆపేసింది.

వారం తిరక్కముందే వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. నాకు జాలేసింది, దాచడమెందుకు.

"కరీమూ, అదొక్కసారి పెట్టమ్మా. నాయన వీధిలో వస్తన్నట్టే ఉంది."

"నాయన కూడా అడిగాడన్నా, పోయేదాకా."

"ఏం చెప్పావు?"

"నీ షోరూంలో ఉందని చెప్పా. ఎళ్లి ఎతుక్కో."

పోనీ దాని పేరన్నా చెప్పమన్నాడు, తన ఫోనులో పెట్టుకుంటానన్నాడు. ఆమె చెప్పలేదు, రిహానాని చెప్పనివ్వలేదు. అతను తల గోడకానించి ఏడ్చాడు. పోనీలే పెట్టవే అని నేనే అన్నాను. కరీమున్ నా వైపు చూడను కూడా లేదు. కూతురి దగ్గర ఇయర్‌ఫోన్లు లాక్కుని చెవుల్లో పెట్టుకుంది, ఫోను నొక్కింది, అన్నకి ఎదురుగా కూర్చుని దబ్బనం అందుకుంది. ఆమె తల నెమ్మదిగా ఊగుతుంటే అతను ఆ ఊపునే చూస్తూ ఉండిపోయాడు.

ఆ వాయిద్యం అంత బాగా మునుపెన్నడూ వినలేదని మర్నాడు నాతో చెప్పింది.