రత్తమ్మత్త బుగ్గలు

మనవరాలికి గవదబిళ్ళలు. నిన్నటి నుంచి గంజి ముట్టడం లేదు. ఉబ్బిన ఆ బుగ్గలు చూస్తే చిన్నప్పుడు నాకు గవదబిళ్ళలు వచ్చిన సంగతి గుర్తొచ్చింది.

బూర్గంపాడు దవాఖానాలో డాక్టరు, వాపు దానంతట అదే తగ్గుతుంది, గంజి తాగించమన్నాడు. అమ్మకు ధైర్యం చాలలేదు. గవదలకు మెడలో బంగారం వేయాలని మా ఊళ్ళో నమ్మకం. మా ఇంట్లో బంగారమెక్కడిది? గుంటూరు వైపు నుంచి వచ్చి పక్కింట్లో స్థిరపడ్డ రత్తమ్మత్త తన గొలుసు తీసి నా మెడలో వేసింది.

"ఉండనీ వదినా, పిల్లకి తగ్గాకే ఇద్దువుగాని."

రత్తమ్మత్తవి గుండ్రటి బుగ్గలు. నావి పీక్కుపోయినవి. తెల్లారేసరికి నా రెండో బుగ్గ కూడా ఉబ్బింది. గొలుసుతో పాటు ఆమె బుగ్గలూ నాకు వచ్చేశాయనుకున్నాను. అవి ఇంకా పెరగాలని, మింగుతుంటే నొప్పి పుడుతున్నా గిన్నెడు గంజి తాగేశాను.

వాపు తగ్గిన రోజు నేను ఒకటే ఏడుపు.

"ఏందే, తగ్గితే ఏడుస్తున్నవ్?" అంది అమ్మ.

"బుగ్గలు పోయినయ్!"

రత్తమ్మత్త పగలబడి నవ్వింది. "రోజూ గంజి తాగవే, గొలుసు లేకుండానే వస్తాయి."

వాపు తగ్గించింది గొలుసు కాదని ఇప్పుడు తెలుసు. గంజి తాగించింది మాత్రం అదే.

నా గొలుసు తీసి మనవరాలి మెడలో వేశాను. గంజి గిన్నెతో పాటు అద్దం కూడా తెచ్చాను.