మొక్కల కింద మార్చిన కాగితాలు

మొన్న మా మనుమరాలు పీహెచ్‌డీలో చేరింది. అడవులూ, వాటిలో బతికే జీవాలూ, మొక్కలూ ఆమె చదువట. "అవ్వా, పరిశోధన కంటే ముందు గీ కోర్సులన్నీ పాసు కావాలె" అని ఫోనులో జాబితా చదివింది. లెక్కలు, నేలలు, మొక్కల గుర్తింపు... వింటుంటే నవ్వొచ్చింది. ఆ చివరి దానితో నాకు ఒకప్పుడు ముచ్చెమటలు పట్టాయి.

పందొమ్మిదివందల అరవైల్లో మేము అడవి పక్కనున్న అమ్రాబాద్‌లో ఉన్నప్పుడు మా మరిది హైదరాబాదులో ఇదే చదువుకు దిగాడు. అతనికీ ముందు కొన్ని పరీక్షలు. నలభై మొక్కలు తానే సేకరించి, ఎండబెట్టి, ఏది ఎక్కడ, ఏ రోజు దొరికిందో రాసి సారు ముందు పెట్టడం వాటిలో ఒకటి. అది తప్పితే పరిశోధన ఏడాది ఆగుతుంది. వానాకాలం నెల రోజులు మా ఇంట్లోనే ఉండి, అడవంచులు తిరిగి, ధోవతి నిండా ఉత్తరేణి ముళ్లతో వచ్చేవాడు. తెచ్చినవి చూపిస్తూ, అన్నం తింటూ ఆ రోజు తిరుగుడంతా నాకు చెప్పేవాడు. తెచ్చిన మొక్కలను పాత పేపర్ల మడతల్లో పెట్టి, రెండు పలకల మధ్య బిగించి, పైన బరువుకు మా విసుర్రాయి పెట్టేవాడు. ఆ నెలంతా జొన్నలు పక్కింట్లో విసురుకున్నాం. "గడ్డికి గింత మర్యాదనా? నా కొడుకులకు గూడ గిట్ల పక్కెయ్యలే" అని మా అత్త దెప్పేది.

నలభై పోగయ్యాక, ఒక పరీక్ష రాయడానికి ఐదు రోజులు హైదరాబాదు వెళ్తూ, "వదినా, కాయితాలు తడి పడ్తయి. దినాం మార్చు, లేకుంటే బూజొస్తది" అన్నాడు. పసిపిల్లల గుడ్డలు మార్చినంత శ్రద్ధగా మార్చాను. తీసిన వాటిని ఆరబెట్టి నీళ్ల పొయ్యిలో వేశాను. తిరిగొచ్చి కట్ట విప్పిన మరిది ముఖం తెల్లబోయింది.

"వదినా, పాత కాయితాలేవి? ఏడ దొరికింది, ఏ దినం దొరికింది, అన్నీ వాటి అంచులకే రాసుకున్న గద! మార్చినప్పుడల్లా కొత్తవాటి మీదికి ఎక్కించుకుంట వచ్చిన!"

నేను రెండో తరగతి దాకా చదివినదాన్ని. ఆ ఇంగ్లీషు రాతలు పేపర్లమ్మిన దుకాణంవాడి గీతలనుకున్నాను. అతను అరుగు మీద తల పట్టుకు కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పైనున్న మొక్కను చూశాను.

"గిది నువ్వొచ్చినంక మొదటి వారపు అంగడి నాటిది. వాగు కాడ పాము కనవడ్డదని ఉరికొచ్చి, సగం బువ్వకే లేచినవు."

అతను తలెత్తాడు. "మరి గిదో?"

"గది ఆ తెల్లారిది. దర్గా వెనుక రాళ్లల్ల జారి మోకాలు గీరుకున్నవు. పసుపు పెడ్తే చిన్నపోరని లెక్క అరిస్తివి గద!"

అతను కేలండరు దింపి తేదీలు వేసుకుంటూ పోయాడు. ముప్పై ఏడు చెప్పగలిగాను. మిగతా మూడింటిని పక్కన పెట్టి, వాటి బదులు కొత్తవి తెస్తానన్నాడు. నా మాట మీదే రాసేయడానికి మనసొప్పక, రెండు రోజులు ఆ జాగాలన్నీ తిరిగాడు. నేను గడప దగ్గరే ఎదురుచూస్తూ కూర్చున్నాను. రెండో రోజు సాయంత్రం గడప అవతలి నుంచే కేక వేశాడు.

"వదినా, ఒక్కటి తప్పలే! కోసిన మొదళ్లు నువ్వు చెప్పిన తాననే ఉన్నయి!"

నెలకు పాసైనట్టు కార్డు వచ్చింది. ఆ మధ్యాహ్నం ఎన్నాళ్లకో ఒళ్లు మరిచి నిద్రపోయాను. కాలం ఎటో పోయిందని అందరూ అంటారు. ఆ నెలలోని ఒక్క రోజు కూడా నా దగ్గర నుంచి పోలేదు.