తోడుకిచ్చిన రికవరీ సీడీ

రాసుకోవే చిన్నీ. ఒక మనిషి రెండున్నరేళ్ళ కష్టాన్ని, ఆయన కుర్చీలోనే కూర్చుని, ఆయన పెట్టించిన కాఫీ తాగుతూ, ఆయనచేత థాంక్సు చెప్పించుకుంటూ ఇరవై నిమిషాల్లో తుడిచిపెట్టడం ఎలాగో చెబుతాను. ఇలాంటి విద్య అందరికీ అబ్బదు. నాకు యాభై రెండో ఏట అబ్బింది.

చదివేవాళ్ళకి ముందే మనవి. ఈ కథలో దొంగల్లేరు, దుర్మార్గుల్లేరు. ఉన్నదల్లా సాయం చేసే గుణమున్న ఒక ఇల్లాలు. కొంప మునగడానికి అదొక్కటి చాలు.

రామచంద్రపురంలో మా పక్కిల్లు సూర్యనారాయణ మాస్టారిది. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నయ్యగారూ అనేదాన్ని. ఆ లెక్కన ఆయన భార్య కామేశ్వరి నాకు వదిన. మాస్టారు మా ఊరి కాలువ మీద పుస్తకం రాయాలని రాజమండ్రి వెళ్ళి కంప్యూటర్ కొనుక్కున్నారు. వెంట వెళ్ళిన మీ తాతయ్య, పక్కింట్లో ఉన్న వస్తువు మనింట్లో లేకపోతే అన్నం సయించని మనిషి కనక, తనూ ఒకటి కొన్నారు. ఒకే షాపు, ఒకే రకం, ఒకే వ్యాన్లో వచ్చాయి. కవలపిల్లలన్నమాట. తేడా అల్లా మాదానికి ప్రింటరూ, సీడీలు రాసే పెట్టే ఎక్కువ. అది మీ తాతయ్య పౌరుషం. తెచ్చాక ఆయన దాన్ని ముట్టుకున్నది తువ్వాలుతో దుమ్ము దులపడానికే.

వాడుకున్నది నేను. తెలుగు టైపింగ్ నేర్చుకుని, పిఠాపురంలో ఉన్న మా అక్కకి వారం వారం ఉత్తరం కొట్టి, ప్రింటు తీసి పోస్టు చేసేదాన్ని. మరి ఉత్తరానికి విషయాలు కావాలి కదా? వంకాయకూర గురించి ఎన్ని పేజీలని రాస్తాం? ఆ లోటు మాస్టారు తీర్చారు.

ఆయనకో అలవాటు. ఒక అధ్యాయం పూర్తవగానే ఫ్లాపీలో వేసుకొచ్చి, "చెల్లెమ్మా, నీ గొంతుతో ఒక్కసారి చదువమ్మా, ఎలా వినబడుతుందో చూడాలి" అనేవారు. నేను మా కంప్యూటర్లో వేసుకుని పైకి చదివితే కళ్ళు మూసుకుని, తన వాక్యాలకి తనే తలాడించేవారు. తర్వాత ఆ ఫ్లాపీ తుడిచేసి తరవాతి అధ్యాయానికి వాడేవారు. ఇంకో ఫ్లాపీ కొనడమంటే ఆయనకి ఇంకో పెళ్ళి చేసుకోవడంతో సమానం.

ఆ పుస్తకం ఎలా ఉండేదంటే, మొదటి అధ్యాయంలో సూర్యుడు ఉదయించడానికే పదకొండు పేజీలు పట్టింది. రెండో అధ్యాయంలో పడవ బయల్దేరుతుంది. ఆరో అధ్యాయానికి లాకుల దగ్గరికి వస్తుంది. ఆయన గుమ్మం దాటగానే ఆ అధ్యాయాన్ని అక్క ఉత్తరంలోకి దించేసి, వరసల మధ్యన నా చురకలు తగిలించేదాన్ని. "అక్కా, నేను కాఫీ తాగి వచ్చాను, సూర్యుడింకా లేవలేదు." "అక్కా, ఒక్క కొబ్బరిచెట్టుకి ఏడు పోలికలే! కాయలు దింపు తీసేవాడు కూడా అంతసేపు చెట్టుని వాటేసుకుని ఉండడు."

మొదట్లో ఏరిన ముక్కలే పంపేదాన్ని. అక్క జవాబు రాసింది. "ముక్కలు కాదే, మొత్తం పంపు. సాయంత్రం మా వీధి ఆడవాళ్ళందరం చేరి చదువుకుంటున్నాం. పొట్టలు చెక్కలైపోతున్నాయి." అభిమానుల కోరిక కాదంటే పాపం కదా! పద్నాలుగు అధ్యాయాలూ, అక్షరం వదలకుండా, చురకలతో సహా పంపాను.

ఆఖరిది పంపాక మా కంప్యూటర్ ఓ రోజు మొరాయించింది. రాజమండ్రి నుంచి ఇంజనీరుగారొచ్చి బాగుచేసి, వెళ్తూ వెళ్తూ ఓ సలహా పారేశారు.

"రికవరీ సీడీ ఒకటి చేసుకోండి మేడమ్. మళ్ళీ ఎప్పుడైనా సిస్టమ్ లేవకపోతే ఇది పెట్టి ఆన్ చేస్తే చాలండి. ఈరోజు ఎలా ఉందో అచ్చం అలాగే వచ్చేస్తుంది."

"అన్నీ వస్తాయాండీ?"

"అన్నీనండి. ప్రోగ్రాములు, ఫైళ్ళు, తెరమీద ఫొటోతో సహా."

"అర్థమైందండి. ఓ చెంచాడు పెరుగు ఉంచుకుంటే మర్నాటికి మళ్ళీ గిన్నెడు పెరుగైనట్టు. తోడన్నమాట!"

ఆయన బ్యాగు సర్దుకుంటూ కాస్త ఆలోచించి, "దాదాపు అంతేనండి" అన్నారు.

ఆ "దాదాపు" అన్న మాట నా చెవిలో పడలేదు. పడుంటే ఇవాళ నీకు చెప్పడానికేమీ ఉండేది కాదు.

సీడీ నేనే చేశాను. మొదటిది సగంలో ఉండగా కరెంటు పోయింది. రెండోది ముప్పాతికలో ఉండగా మీ తాతయ్య ఫ్యాను స్విచ్చనుకుని దీని స్విచ్చు కట్టేశారు. మూడోసారి తలుపు గడియేసుకుని, పురిటిగది ముందు మంత్రసానిలా కాపలా కాశాను. అయ్యాక దానికో పసుపుగుడ్డ సంచి కుట్టి, దేవుడి అలమరలో పెట్టాను.

ఓ శనివారం పొద్దున్న కామేశ్వరి వదిన ప్రహరీగోడ మీంచి గిన్నె చాపింది.

"కాస్త తోడుంటే వెయ్యి వదినా. మా పిల్లి పెరుగ్గిన్నె దొర్లించేసింది. ఇవాళ ఇంట్లో ఏదీ సవ్యంగా లేదు. మీ అన్నయ్యగారి కంప్యూటర్ కూడా లేవట్లేదు."

"ఏమైందట?"

"నల్లటి తెరమీద ఏదో ఫైలు లేదంటోంది. పుస్తకం లోపల భద్రంగానే ఉంటుందని ఇంజనీరు ఫోన్లో చెప్పాడు. సోమవారం వచ్చి చూస్తాట్ట. మంగళవారం ప్రెస్సుకివ్వాలి, పై నెల లైబ్రరీలో ఆవిష్కరణ పెట్టుకున్నాం. ఈయన ఒకటే గాభరా."

"సోమవారం దాకా ఎందుకు వదినా, నా దగ్గర తోడుండగా!"

దీపాలు పెట్టాక తోడివ్వకూడదని మా పట్టింపు. నేను పద్ధతి తప్పలేదు, పట్టపగలే ఇచ్చాను. ఒక చేత్తో పెరుగు చెంచా, ఇంకో చేత్తో పసుపు సంచీ.

మీ తాతయ్య వీధి అరుగు మీంచి అన్నారు. "వాళ్ళకెందుకే మనది? మనకి కావలసినప్పుడో?"

"తోడిస్తే మన పెరుగు తరిగిపోతుందేంటండీ? మీరు పేపరు చదువుకోండి."

మాస్టారి కుర్చీలో కూర్చుని సీడీ పెట్టాను. తెరమీద ఇంగ్లీషులో నాలుగు వరసలొచ్చాయి. మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అంటోంది చెల్లెమ్మా."

"పాలు పోతేనే కదండీ పెరుగయ్యేది. పాలు మీవే, తోడు మాత్రం నాది. నా తోడు వేసినంత మాత్రాన మీ పాలు మా పాలైపోతాయా?"

ఈ వాదనకి సోషల్ మాస్టారు తలాడించారు. సరే నొక్కాను. "నిజంగానేనా?" అంది. సరే నొక్కాను. "ఇంకోసారి ఆలోచించుకున్నారా?" అంది.

"మళ్ళీ అడుగుతోందమ్మా" అన్నారు మాస్టారు, గొంతు సన్నగా చేసి.

"మన జిల్లాలో పీటమీద కూర్చున్నవాళ్ళని గారె వడ్డించే ముందు ఎన్నిసార్లు అడుగుతాం? ఇదీ అంతే. మర్యాద తెలిసిన కంప్యూటరండి. మనం మొహమాటపడకూడదు."

మూడో సరే నొక్కాను. వదిన కాఫీ తెచ్చింది. "నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్ళమమ్మా, చాలా థాంక్స్" అన్నారు మాస్టారు. నేను వినయంగా తల వంచుకున్నాను.

ఇరవై నిమిషాలకి తెర వెలిగింది. ముగ్గురం చప్పట్లు కొట్టాం. తెరనిండా నువ్వు! అవునే, నీ అన్నప్రాసన ఫొటో. మూతంతా పరమాన్నం పూసుకుని మాస్టారి కేసి చూసి బోసినవ్వు నవ్వుతున్నావు.

"ఇదేంటి వదినా, మా కంప్యూటర్లో మీ మనవరాలు కూర్చుంది?" అంది కామేశ్వరి వదిన.

మాస్టారు నవ్వలేదు. కంప్యూటర్ ఎలకని పట్టుకుని అటూ ఇటూ వెతికారు. అవే ఫోల్డర్లు, అవే ఫొటోలు, నా పచ్చళ్ళ కొలతలు. అచ్చం మా ఇల్లే. చివరికి నాకేసి తిరిగి, స్కూల్లో తప్పిపోయిన పిల్లాడిలా అడిగారు.

"నా కాలువేదమ్మా?"

ఇంజనీరుగారికి ఫోన్ చేశాను. ఆయన జరిగిందంతా రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత "అయ్యో మేడమ్! అది మీ సిస్టమ్ కాపీ అండి. వాళ్ళ డిస్కు మీద మీది అచ్చుగుద్దేశారు" అన్నారు.

"పాతది వెనక్కి రాదాండీ?"

"రాదండి."

"దాదాపు రాదా?"

"దాదాపు కాదండి. అసలు రాదు."

కాగితాల మీద చిత్తుప్రతి ఉండాలే అని మాస్టార్ని అడిగాను. ఉండేది. కంప్యూటర్ ఉందిగా అన్న ధీమాతో వదిన ఆ కాగితాల్లో పునుగులు పెట్టి వీధంతా పంచింది. రెండో అధ్యాయం మేమే తిన్నాం. ఇక మిగిలింది ఫ్లాపీలో ఉన్న ఆఖరి అధ్యాయం ఒక్కటే. అంటే పడవ ఒడ్డు చేరిందిగానీ, అసలు బయల్దేరిన దాఖలా లేదు.

అప్పుడు చూశాను, తెరమీద మూలన "పిఠాపురం" అని ఒక ఫోల్డరు. నా గుండె జారి గోదాట్లో పడింది.

"ఇదేంటమ్మా, పిఠాపురం?" అన్నారు మాస్టారు.

"మా అక్కకి ఉత్తరాలండి. ఉప్పూ, పప్పూ... ఆడవాళ్ళ గొడవలు. ఇప్పుడే తీసేస్తాను."

"వద్దు!" జీవితంలో మొదటిసారి ఆయన నామీద గొంతు పెంచారు. "నువ్వింకేమీ నొక్కకు తల్లీ. దణ్ణం పెడతాను. ఇంటికెళ్ళు."

ఇంటికొచ్చాకగానీ నాకు తట్టలేదు. మాస్టారి కాలువ ఈ భూమ్మీద ఇంకా బతికున్న చోటు ఒక్కటే, నా వెక్కిరింతల మధ్య. ఆయన తెరమీదా ఆ ఫోల్డరుందిగానీ, పరాయి ఆడవాళ్ళ ఉత్తరాలు తెరిచే మనిషి కాదని నా నమ్మకం. ఇస్తే పుస్తకం బతుకుతుంది, నేను చస్తాను. ఇవ్వకపోతే నా పరువు దక్కుతుంది, ఆయన రెండున్నరేళ్ళు పోతాయి.

"ఇచ్చెయ్యవే" అన్నారు మీ తాతయ్య.

"ఇచ్చి ఏ మొహం పెట్టుకుని బతకనండీ?"

"ఉన్న మొహమే. దాని మీద ఎవరికీ పెద్దగా ఆశల్లేవులే."

ఆదివారం పొద్దున్న పెరుగ్గిన్నె పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. వదిన రాలేదు. కాసేపటికి మాస్టారు వీధిలోంచి వస్తూ కనిపించారు, చేతిలో పెరుగు ప్యాకెట్! పాతికేళ్ళ ఇరుగుపొరుగులో ఆ ఇంట్లోకి ప్యాకెట్ పెరుగు రావడం అదే మొదలు. తిట్టినా ఊరుకునేదాన్ని. ఆ ప్యాకెట్ చూశాక ఊరుకోలేకపోయాను.

వెంటనే కూర్చున్నాను. నా చురకలన్నీ "అక్కా" అనే మొదలవుతాయి కదా! కంప్యూటర్ని "అక్కా" అన్న మాట వెతకమన్నాను. దొరికిన చోటల్లా ఆ పేరా మొత్తం కోసేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఎనిమిదో అధ్యాయంలో పడవవాడు తన సొంత అక్కతో చెప్పుకున్న కష్టసుఖాలు కూడా ఆ ఊపులో కొట్టుకుపోయాయి, పాపం.

మంగళవారం పొద్దున్న సీడీ పట్టుకెళ్ళాను. ఈసారి రెండు కాపీలు.

"మీ కాలువండీ అన్నయ్యగారూ. మీరు చదివించినప్పుడల్లా... ఎందుకైనా మంచిదని... నేనొకటి దాచానండి."

"దాచావా!" ఆయన సీడీని రెండు చేతుల్తో అందుకున్నారు. కళ్ళల్లో నీళ్ళు. "ఎంత ముందుచూపమ్మా నీది!"

ఆ మెచ్చుకోలు గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. కామేశ్వరి వదిన వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపేమో అనుకున్నాను. సర్దుకోవడానికి నాలుగు రోజులు కావాలని మాస్టారు ప్రెస్సువాళ్ళకి ఫోన్ చేశారు.

ఆవిష్కరణ రోజు ముందు వరసలో పట్టుచీర కట్టుకు కూర్చున్నాను. ముఖ్య అతిథి ఓ రిటైర్డ్ ప్రిన్సిపాల్‌గారు. పుస్తకం తెరిచి మైకులో అన్నారు. "పడవ ప్రయాణం తొమ్మిది పేజీలు వర్ణించి, ఆఖర్న రచయిత ఒక్క మాటంటారు. వినండి. 'ఈ పడవలో వెళ్ళేకంటే గట్టుమీద పోయే గేదె తోక పట్టుకుంటే ముందు చేరతాం.' ఆహా! తనని చూసి తనే నవ్వుకోగలిగిన రచయిత ఎంతమందికి దొరుకుతాడండీ?"

హాలంతా ఘొల్లుమంది. ఆ గేదె నాది! "అక్కా" అనకుండా రాసిన ఒకే ఒక్క చురక అది. నా చేతిలో ఉన్న పుస్తకం మొదటి పేజీ తిప్పాను. సూర్యుడు మొదటి వరసలోనే ఉదయించేశాడు! పదకొండు పేజీల్లేవు. కొబ్బరిచెట్టుకి ఒకటే పోలిక.

సభ అయ్యాక మాస్టారు నా దగ్గరికొచ్చారు.

"ఆ గేదెని కావాలనే ఉంచానమ్మా. బాగుంది."

"అంటే... ఉత్తరాలు..."

"శనివారమే చదివేశాం. పద్నాలుగూ. మొదట ఒళ్ళు మండిన మాట నిజం. ఆ కోపంలోనే పెరుగు ప్యాకెట్ కొన్నాను. రెండోసారి మీ వదిన పైకి చదివింది. నవ్వలేక చచ్చాం."

"మరి పుస్తకం అందులోనే ఉందని తెలిసీ..."

"నువ్వు తెచ్చిస్తావో లేదో చూద్దామని. మంగళవారం మధ్యాహ్నం దాకా గడువు పెట్టుకున్నాం. పొద్దున్నే వచ్చి బతికిపోయావు."

వెనకనుంచి వదిన అందుకుంది. "ఆ పడవవాడి అక్కని ఎందుకు చంపేశావు వదినా? ఆవిడేం పాపం చేసింది?"

మర్నాడు పొద్దున్న గోడ మీదకి గిన్నె వచ్చింది. తోడు వేశాను. ఉత్త పెరుగే.

ఇక ప్రతిజ్ఞ. పెద్దక్షరాలతో రాయి. ఇలవేల్పు సాక్షిగా చెబుతున్నాను, పెరుగు తోడు ఎవరడిగినా ఇస్తాను, దీపాలు పెట్టాక అడిగినా ఇస్తాను. రికవరీ సీడీ మాత్రం దిగొచ్చి ఆ దేవుడే అడిగినా ఇవ్వను. కంప్యూటర్ మూడుసార్లు అడిగితే అది మర్యాద కాదు, భయమని గుర్తుపెట్టుకుంటాను. ఎవరి పుస్తకాన్నీ వాళ్ళ వెనకాల వెక్కిరించను.

రాశావా? ఇప్పుడు దీన్ని రెండు చోట్ల దాచు. ఒక కాపీ పిఠాపురంలో మా అక్కకి పంపు. వరసల మధ్యన ఆవిడ ఏం రాసి పంపినా కొట్టెయ్యకు.