మా రవీందర్ ఊపిరికి సరిచేసుకున్న మౌత్ ఆర్గాన్

నిన్న పొద్దున దీపం పెట్టి లేచేసరికి ఫోన్ మోగింది. మా మరదలు వసంత.

"వదినె..." అంది.

అంతే.

చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్‌కి ఆటో ఎక్కానా, నడిచే వెళ్లానా, ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

మా తమ్ముడు రవీందర్ ఇక లేడు.

ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బని మీలో చాలామందికి తెలుసు. ఎప్పుడో ఒకరోజు ఈ ఫోన్ వస్తుందని నాకూ తెలుసు. తెలిసి ఉండటం ఏమీ సాయం చేయలేదు.

నిన్నటి నుంచి అందరూ హాస్పిటల్ గురించి, ఆక్సిజన్ గురించే అడుగుతున్నారు. నేను మౌత్ ఆర్గాన్ గురించి రాస్తాను.

జబ్బు మొదట్లో డాక్టర్ వాడికి మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. గొట్టంతో గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. వాడికి తొందరగానే విసుగొచ్చింది.

"అక్కా, ఇండ్ల రాగం లేదు, తాళం లేదు. బంతులు చూసుకుంట ఎంతసేపు కూసోవాలె?"

కాలేజీ రోజుల మౌత్ ఆర్గాన్ అటక మీద నుంచి దింపాడు. ఊదినా పలుకుతుంది, పీల్చినా పలుకుతుంది, ఎక్సర్‌సైజ్ కూడా అయిపోతుందన్నాడు. కానీ అది పలకడానికి వాడికున్న ఊపిరంతా అడిగింది. కాస్త వాయిస్తే చాలు, ఆయాసం.

ఇంకొకరైతే మానేసేవారు. వాడు చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాడు.

ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి డైనింగ్ టేబుల్ మీద తువ్వాలు పరిచి, దాన్ని విప్పుకుని కూర్చున్నాడు.

"ఏందిరా ఇది?"

"కూసో, చూపిస్త."

పై రేకులు తీస్తే లోపల ఇత్తడి పలకలు. వాటి మీద వరుసగా సన్నని నాలుకలు. అవే రీడ్లు. ఊదితే ఒక పలకవి ఆడతాయి, పీలిస్తే రెండో పలకవి. ఒక్కో రీడు ఒక కొసన బిగించి ఉంటుంది. రెండో కొస పలక మీద నుంచి కొంచెం లేచి ఉంటుంది. ఆ సందు ఎక్కువుంటే గాలి వృథాగా పోతుంది, గట్టిగా ఊదాలి. సందు తగ్గిస్తే కొద్దిపాటి ఊపిరికే పలుకుతుంది.

"అయితే మొత్తం దగ్గరికి చెయ్యరాదూ?" అన్నాను.

"గట్ల చేస్తే పలకదక్కా. మరీ దగ్గరుంటే, గట్టిగ ఊదంగనే అతుక్కపోతది. నోరు మూస్కుంటది."

నాకు ఆశ్చర్యం. ఎక్కువ ఊదితే ఎక్కువ పలకాలి కదా? ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. జపం మధ్యలో కూడా వచ్చింది.

సుల్తాన్ బజార్‌లో చవకవి కొనుక్కొచ్చి ముందు వాటిని పాడుచేశాడు. ఒకదాంట్లో రీడు విరిగింది. ఒకటి పిల్లిలా అరిచింది. చెయ్యి కుదిరాకే కాలేజీ దాన్ని ముట్టుకున్నాడు.

రీడు దించడానికి పళ్లపుల్లతో మెల్లగా నొక్కేవాడు. మరీ దిగితే, కిందికి సన్నని ముక్క దూర్చి లేపేవాడు. ఆ ముక్క తన ఛాతీ ఎక్స్‌రేలోంచి కత్తిరించింది!

వసంత కోప్పడింది. "రేపు డాక్టర్ అడిగితే ఏం చూపిస్తరు?"

"అంచే కదనే కోసింది. నా ఊపిరితిత్తులు నడుమ భద్రంగనే ఉన్నయ్."

వసంత నవ్వలేదు. కాసేపటికి వంటింట్లోంచి నవ్వు వినిపించింది.

నాకూ ఒక పని ఇచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని, పలకను కిటికీ వైపు ఎత్తి, ఏ రీడు కింద వెలుగు ఎక్కువగా కనిపిస్తోందో చెప్పాలి. నేను చెప్పేదాన్ని, వాడు నొక్కేవాడు.

ఊపిరి తగ్గినప్పుడల్లా దాన్ని మళ్లీ విప్పాడు. రీడ్లు ఇంకొంచెం దించాడు. వెలుగు గీత సన్నబడుతుంటే నాకు తెలుస్తూనే ఉంది.

వాడికి ఒకే కోరిక. శనివారాలు మా ఇంట్లో జరిగే భజన చివర, మంగళహారతి మొత్తం మధ్యలో ఆగకుండా వాయించాలి.

"నోట్లె పెట్టుకునేది, ఎంగిలి గదరా. దేవుని ముందర ఎట్ల?" అన్నాను.

"మరి కృష్ణుడు పిల్లనగ్రోవి ఏడ పెట్టుకుంటడక్కా?"

సరే, తెచ్చుకోమన్నాను.

పోయిన నెల వచ్చాడు. మెట్ల మీద ఆగుతూ ఆగుతూ ఎక్కాడు. హారతి వెలిగిస్తాం కాబట్టి ఆక్సిజన్ సిలిండర్ ఆపేసి అవతలి గదిలో పెట్టాం. నేను కర్పూరం వెలిగించాను. వాడు మౌత్ ఆర్గాన్ పెదాలకు ఆనించుకున్నాడు.

శబ్దం రాలేదు.

మళ్లీ ఊదాడు. రాలేదు.

తాళాలు ఆగిపోయాయి. వసంత సిలిండర్ కోసం లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. ఇంతేనా స్వామీ, అనుకున్నాను.

అప్పుడు నవ్వు వినిపించింది. వాడిదే. దగ్గుతూ నవ్వుతున్నాడు.

"కూసో వసంతా. ఊపిరి తక్కువై గాదు. ఎక్కువైంది!"

అంతమందిని చూసిన హుషారులో గట్టిగా ఊదాడు. అంత దగ్గరికి దించుకున్న రీడ్లు అతుక్కుపోయాయి.

ఎన్నాళ్లుగానో డాక్టర్ల దగ్గర 'తక్కువ' అనే మాటే వింటున్నాం. వాడి ఊపిరి ఎక్కువైందన్న మాట ఆ రోజే విన్నాం.

"జర స్పీడ్ తగ్గియ్యన్నా!" అన్నారు వెనక నుంచి ఎవరో. ఇల్లంతా నవ్వింది.

ఫ్యాన్ ఆపాం. కిటికీలు మూశాం. మెల్లగా మొదలుపెట్టాడు. చెవి పెట్టి వింటేనే వినపడేంత. కింద రోడ్డు మీద బస్సు పోయినప్పుడు కొంత ముక్క మాకు అందలేదు. వాడు మాత్రం ఆపలేదు.

కర్పూరం అయిపోవచ్చింది. వాడింకా వాయిస్తున్నాడు.

ఇంకో బిళ్ల వేశాను.

చివరి స్వరం దాకా వాయించాడు.

మైల కాబట్టి ఈ శనివారం భజన లేదు. తెలియనివాళ్లకు చెప్పండి.

వెళ్లిరా తమ్ముడూ. ఇక మీద ఊపిరిని కొలుచుకునే పని నీకు లేకుండా చూడమని, నిన్ను చల్లగా తన దగ్గర ఉంచుకోమని ఆ స్వామిని అడుగుతున్నాను.