ఆకు రాలినప్పటి సిగ్నల్

మా కాక పోయాడన్న మాట ఫోనులో ఎంత స్పష్టంగా వినిపించిందంటే, చిన్నమ్మ ఏడుపు వెనక ఆసుపత్రి ఫ్యాను కిర్రుమనడం కూడా నా చెవిన పడింది. "ఇగ లేడు బిడ్డా. మీ కాక ఇగ లేడు" అంది. తొలకరి పడి వారమైంది. నేను పట్నంలో, తుకుం పేటలో మా ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాను. మాట ఎక్కడా తెగలేదు, గరగర లేదు. ఇరవై ఏళ్ళు ఆ మనిషి జీపులో తిరిగి ఒళ్ళు హూనం చేసుకున్నది ఇలాంటి ఫోను కోసమే కదా అనిపించి, ఆ స్పష్టత మీద నాకు ఒళ్ళు మండింది.

కాక అంటే మా నాన్న తమ్ముడు. మా తాత మంచిర్యాల వైపు నుంచి బొగ్గుబావి పనికి సరిహద్దు దాటి, మరాఠీ నేల మీది సాస్తికి వచ్చాడు. కాక అక్కడి కాలనీలోనే పుట్టాడు, మరాఠీ బడిలో చదివాడు. తెలుగు గలగలా మాట్లాడేవాడు గానీ చదవమంటే దుకాణం బోర్డు దగ్గరే ఆగిపోయేవాడు. బతికి ఉన్నా ఇది చదవగలిగేవాడు కాదు. మా అమ్మ పట్టుబట్టి నేర్పింది కాబట్టి నేను తెలుగులో రాస్తున్నాను. ఆయన చదవలేడన్న ధైర్యంతో రాస్తున్నానేమో కూడా.

ఆయన పని సెల్‌ఫోన్ సిగ్నల్ కొలవడం. కాంట్రాక్టు పని. జీపు వెనక సీట్లో ఒక చెక్కపెట్టె, అందులో మూడు ఫోన్లు, పక్కన లాప్‌టాప్. ఒక ఫోను తనంతట తానే కాల్ చేస్తూ, కట్ చేస్తూ, మళ్ళీ చేస్తూ ఉంటుంది. రెండోది ఒక పెద్ద ఫైలును దింపుకుంటూ ఉంటుంది. మూడోది ఏ టవరు ఎంత బలంగా ఉందో చూస్తూ ఊరికే కూర్చుంటుంది. "ఒకటి మాట్లాడ్తది, ఒకటి తింటది, ఒకటి కావలుంటది. మనింట్ల గూడ గంతే గదా" అనేవాడు చిన్నమ్మ వైపు ఓరగా చూసి. జీపు పోయినంత మేరా పటం మీద చుక్కలు పడతాయి. సిగ్నల్ బాగుంటే పచ్చ, అంతంతమాత్రమైతే పసుపు, లేకపోతే ఎరుపు. కొలిచినదంతా ఆయన నాకు పంపేవాడు, నేను దాన్ని రిపోర్టుగా చేసి పై ఆఫీసుకు పంపేదాన్ని. ఆయన తిరిగేవాడు, నేను నీడపట్టున కూర్చుని రంగులేసేదాన్ని. ఈ పని నాకు నేర్పిందీ, ఇందులో పెట్టించిందీ ఆయనే.

ఆయన మొదలుపెట్టిన రోజుల్లో ఫోనంటే మాట ఒక్కటే. రోడ్డు పక్కన నిలబడి "హలో, హలో, ఒకటి, రెండు, మూడు" అని అరుస్తుంటే, పాపం ఈ మనిషికి ఏమైందోనని ఒక ముసలమ్మ తలమీద చేయిపెట్టి దీవించిందట. తర్వాత 3జీ వచ్చింది, 4జీ వచ్చింది. 5జీ వచ్చిన ఏడాది నన్ను జీపులో ఎక్కించుకుని తుకుం మెయిన్ రోడ్డు మీద తిప్పాడు. తెరమీద వేగం చూసి నేను నోరెళ్ళబెట్టాను. ఆయన ఏమీ అనకుండా జీపును పక్క గల్లీలోకి తిప్పి, తెలిసినవాళ్ళ ఇంట్లోకి తీసుకెళ్ళి, వాళ్ళ వంటింట్లో నిలబెట్టాడు. అంకె అమాంతం పడిపోయింది. ఫోను నెత్తిన మాత్రం 5జీ అనే ఉంది.

"ఫోన్ల గీతలను నమ్మకు బిడ్డా. గవి పెండ్లి ఫోటో లెక్క. దాంట్ల అందరు మంచిగనే కనవడ్తరు" అన్నాడు.

ఏ ఊరికి వెళ్ళినా లాప్‌టాప్ తెరవకముందే "మీరు యాడ నిలవడి మాట్లాడ్తరు?" అని అడగడం ఆయన అలవాటు. ఒక ఊళ్ళో బడి డాబా అనేవారు, ఇంకో ఊళ్ళో బోరింగు దగ్గర అనేవారు. అక్కడికే పోయి నిలబడి కొలిచేవాడు. కొలుస్తున్నంతసేపు చాయ్ ముట్టడు, కొలత మారుతుందని జీపు అద్దం దించడు. అంత జాగ్రత్త మనిషి. అందుకే ఆయన చేసిన ఒక్క తప్పు ఆయన్ను తినేసింది.

గోండ్‌పిప్రి దాటి అడవిలోకి పోతే ఒక ఊరుంది. పేరు రాసే ముఖం నాకు లేదు. పత్తి, వరి పండించుకునే తెలుగువాళ్ళు. ఆ ఊళ్ళో ఫోను ఒక్కచోటే పలికేది, ఊరి బయటి మిట్ట మీద. అక్కడ చేను కాపలాకు కట్టుకునేలాంటి మంచె ఒకటి ఎత్తుగా కట్టి, రేకుడబ్బాలో ఒక ఫోను పెట్టి, రోజుకో ఇల్లు వంతున కావలి ఉండేవారు. ఎవరికి ఆపద వచ్చినా పరుగెత్తి కేకేస్తే చాలు, మంచె మీది మనిషి ఫోను కలిపేవాడు. బయటినుంచి వచ్చిన కబురు కూడా ఆ వంతు మనిషే ఇంటికి మోసుకొచ్చి చెప్పేవాడు. వంతు తప్పించుకున్న ఇల్లు ఒక్కటీ లేదని కాక గొప్పగా చెప్పేవాడు.

కొన్నేళ్ళ కిందట ఆ దగ్గర్లో కొత్త టవరు లేచింది. మే నెలలో కాక కొలవడానికి వెళ్ళాడు. ఊరి నడుమ ఒక రైతు ఇంట్లో మంచినీళ్ళు తాగి, వాకిట్లోంచి, పెరట్లోంచి, వంటింట్లోంచి ఫోను చేసి చూశాడు. అన్నిచోట్లా కలిసింది. చుక్కలన్నీ పచ్చగా పడ్డాయి. సంతోషం పట్టలేక, "ఇగ మీకు ఫికర్ లేదు. మంచె గించె ఎందుకు, పొయ్యి కాడ కూసోని మాట్లాడుకోండ్రి" అన్నాడు. ఆయన మాట మీద ఊరు మంచె విప్పేసింది. కర్రలు ఎవరో కొట్టానికి వేసుకున్నారు. నేను ఆ ఊరికి పచ్చరంగు వేశాను.

మా పనిలో అందరం చేసే తప్పే అది. వానల్లో అడవి దారులు బురదైపోతాయని ఎండాకాలంలోనే కొలుస్తాం. మే నెలలో టేకుచెట్టుకు ఆకుండదు. శ్రావణానికల్లా చాటంత ఆకులొచ్చి, నీళ్ళు పట్టుకుని, టవరుకూ ఊరికీ మధ్య తడి గోడలా నిలబడతాయి. "టేకాకు నీళ్ళు తాగుతది, ఆ నీళ్ళు సిగ్నల్‌ను తాగుతయి" అని కాకే తర్వాత నాకు చెప్పాడు. తర్వాత చెప్పి ఏం లాభం.

ఆ శ్రావణంలో ఆ రైతు భార్యను నాటు వేస్తుండగా పాము కరిచింది. ఆమెను ఇంటికి మోసుకొచ్చి, కాక చెప్పినట్టే పొయ్యి దగ్గరినుంచి ఫోను చేశాడు. కలవలేదు. పెరట్లోకి పోయాడు, వాకిట్లోకి వచ్చాడు, ఇంటికప్పు ఎక్కాడు. మిట్ట మీదికి పరుగెత్తాడు, అక్కడ మంచె లేదు, కింద నిలబడితే సిగ్నల్ అందలేదు. చివరికి పెద్దరోడ్డు దాకా పోయి అంబులెన్సును పిలిచాడు. అది వచ్చేసరికి ఆమె చల్లబడిపోయింది.

కాకకు ఆ సంగతి దసరా ముందు తెలిసింది. తెలిసిన రోజే వెళ్ళాడు. రైతు తిట్టలేదట. తిట్టినా బాగుండేది. ఫోను తీసి ఆ రోజు చేసిన కాల్స్ చూపించాడట, తెర పొడుగునా ఒకటే నెంబరు, అంబులెన్సుది. "నువ్వే జెప్తివి గదన్నా, పొయ్యి కాడికెల్లి కలుస్తదని" అన్నాడట. ఇంటికొచ్చి కాక కంచం ముందు కూర్చున్నాడు. ముద్ద కలిపాడు, కలుపుతూనే ఉన్నాడు, తినకుండా లేచిపోయాడు.

"ఇన్నేండ్లు మిషినే జూసిన బిడ్డా. ఒక్కపారి తల ఎత్తి చెట్టు జూడలే" అన్నాడు నాతో.

అప్పటినుంచి ఏటా శ్రావణంలో ఎవరూ పంపకపోయినా ఆ ఊరికి పోయేవాడు. "వాన ముసురు పట్టిందంటే ఈయన కాలు ఇంట్ల నిలవది" అని చిన్నమ్మ సణిగేది. ఊరంతా కొలిస్తే ఊరంతా ఎరుపే. నాకు పంపేవాడు. ఎర్రగా ఉన్న ఊరే కొత్త టవరు జాబితాలోకి ఎక్కుతుంది. పచ్చగా ఉన్న ఊరి వైపు ఎవడూ చూడడు. పై ఆఫీసువాళ్ళేమో వానాకాలపు కొలత చెల్లదనేవారు. నేను ఎరుపు తీసేసి, ఆ పాత మే నెల పచ్చనే మళ్ళీ పెట్టేదాన్ని. మొదటి ఏడాది ఆయనకు చెప్పకుండా చేశాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ మా కాక పట్టాడు. పట్టి వదిలేశాడు.

"ఈపారి ఉంచినవా బిడ్డా?" అని అడిగేవాడు ప్రతి ఏడూ.

"లేదు కాకా. ఒప్పుకోలేదు."

"సరే తీయ్. నీ తప్పేమున్నది" అనేవాడు. మళ్ళీ ఏడాది మళ్ళీ పోయేవాడు. ఒక్కసారైనా నన్ను కసిరి ఉంటే నేను ఇంకోలా అయ్యేదాన్నా? ఆయన పోయాక ఆ నెపం ఆయన మీదికి తోయడం ఎంత సులువో చూడండి.

కాక దినాలకు ఆ రైతు వచ్చాడు. పోయిన కబురు ఆయనకు ఎనిమిది రోజులకు అందిందట. బస్సులు మారి, సంచిలో కందిపప్పు పట్టుకుని వచ్చి, కాక ఫోటో ముందు చాలాసేపు కూర్చున్నాడు. మంచె మళ్ళీ కట్టుకున్నారట, కానీ వంతులు మునుపటిలా సాగడం లేదట. కుర్రకారంతా పనులకు బయటికి పోయారు, ముసలివాళ్ళు వానలో మంచె ఎక్కలేరు.

"అన్న ప్రతి ఏడు వచ్చి కొలుస్తుండె. టవర్ వచ్చేదాంక ఇడువ అన్నడు. గిప్పుడెవరొస్తరమ్మా?" అని అడిగాడు.

"నేనొస్తాను" అన్నాను. కాక ఫోటో ముందే అన్నాను. రంగులు వేసేది నేనేనని ఆ రైతుకు తెలియదు, నేను చెప్పలేదు.

శ్రావణంలో బాడుగ జీపు మాట్లాడుకుని వెళ్ళాను. ఇన్నేళ్ళూ ఆ ఊరు నాకు తెరమీద గోరంత మచ్చ. కాక చెక్కపెట్టె ఒళ్ళో పెట్టుకుని వెళుతుంటే దారికి రెండువైపులా టేకు ఆకుల మీద వాన డప్పు కొట్టినట్టు కొడుతోంది. రైతు గొడుగు పట్టుకుని ఊరి మొదట్లో నిలబడి ఉన్నాడు. వాళ్ళ వంటింట్లో ఆ పొయ్యి పక్కనే పెట్టె తెరిచాను. ఒక ఫోను కాల్ చేసి, చేసి, ఆగిపోయింది. ఇంకోదాంట్లో ఫైలు మొదలే కాలేదు. రైతు నా భుజం మీదుగా తెరలోకి వంగి చూశాడు.

"ఎర్రగొచ్చిందా అమ్మా?"

"ఎర్రగే వచ్చింది."

"మంచిగైంది!" అన్నాడు. ఆ ముఖం వెలిగింది. సంబరంగా పోయి నాకు చాయ్ పెట్టాడు. ఫోను కలవలేదని సంతోషించే మనిషిని అదే చూడడం. ఇంతకంటే దరిద్రం ఏముంటుందో నాకు తెలియదు.

మిగతా ఊరూ తిరిగి కొలిచి, ఇంటికొచ్చి ఊరంతా ఎర్రగా రిపోర్టు చేసి పంపాను. రెండో రోజు మధ్యాహ్నం పై ఆఫీసు సారు ఫోన్ చేశాడు. వానాకాలం కొలత చెల్లదు మేడం, మే నెలది పెట్టి మూడింటికల్లా పంపండి, ఈరోజుతో జాబితా మూసేస్తున్నాం అని మరాఠీలో చెప్పాడు. ఆకుల సంగతి చెప్పాను. ఆ రైతు భార్య సంగతి చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు, అంతా విన్నాడు.

"మీ కాక కూడా ఇట్లాగే పంపేవారు కదా. మీరే ఏటా సర్దేవారు" అన్నాడు. తర్వాత మెల్లగా, నెలాఖరుకు నా కాంట్రాక్టు సంగతి కూడా చూడాలి అన్నాడు.

కాక అయితే ఏం చేసేవాడో నాకు బాగా తెలుసు. తెలిసి ఏం చేయను, నేను కాకను కాను. నాకు భయమేసింది. ఆయన్ను తలచుకుని నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నదాన్ని, రాయడానికి నా దగ్గర మిగిలింది ఇదే. ఆ ఊరి మీద ఒక్కొక్క చుక్కనూ ఎంచుకుని ఎరుపు తీసేసి, మే నెల పచ్చ పెట్టాను. మూడు కావడానికి ఇంకా టైముంది. ఇంట్లో ఫోనులో గీతలన్నీ నిండుగా ఉన్నాయి. ఒకప్పుడు ఇంత ఫైలు పంపాలంటే మీట నొక్కి, అన్నం తిని, చేయి కడుక్కుని వచ్చినా సగం దగ్గరే ఉండేది. ఇప్పుడు నొక్కిన వేలు తీసేలోపే వెళ్ళిపోయింది. తెరమీద ఊరు పచ్చగా ఉంది. బయట వాన పడుతూనే ఉంది.